పాదాల గురువారం

గుడివాడ సంఘంలో పాదాల గురువారం అనేది కృపావరం అయ్యగారు వచ్చాకే మొదలైంది. అంతకు ముందు మంచి శుక్రవారానికి ముందురోజు సాయంత్రం ఒక పాట, ఒక ప్రార్థన, ప్రభురాత్రి భోజనం, అంతే. జనం తొమ్మిదిలోపు ఇళ్ళకు చేరేవారు. ఈయన బందరు నుంచి బదిలీ మీద వచ్చి, ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి ఏటేటా చదివి వదిలేస్తే ఎలాగండీ, మనమూ కడగాలి అన్నారు. పన్నెండుమందిని వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టాలి. సంఘపెద్దలు వంగి వాళ్ళ కాళ్ళు కడగాలి.

మొదటి ఏడు ఆ కుర్చీల కోసం జరిగిన హడావుడి ఇంతా అంతా కాదు. కుర్చీ దక్కినవాళ్ళు పొద్దుటి నుంచి కాళ్ళు నానబెట్టుకుని, రాయితో రుద్దుకుని, గోళ్ళు తీయించుకుని మరీ వచ్చారు. కాంపౌండర్ దైవసహాయంగారైతే పౌడరు కూడా రాసుకొచ్చారు. నీళ్ళు పోస్తే పళ్ళెంలోకి పాలలాగా దిగాయి. "ఈ పూట గుడివాడ మొత్తం వెతికినా ఇంత శుభ్రమైన కాళ్ళు ఇంకోచోట దొరకవమ్మా" అని సువార్తమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి గొణిగితే, చుట్టుపక్కల చాపలన్నీ నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నాయి.

ఆ సువార్తమ్మ ప్రకాశరావు తల్లి. గూడూరు దగ్గర పల్లెలో పాలేరు భార్యగా బతికి, కొడుకు చదువు కోసం కూలికి పోయి, ఇప్పుడు కొడుకు దగ్గరే గుడివాడలో ఉంటోంది. ప్రకాశరావు ఆ పల్లెలో మొదటి బి.ఏ. బందరులో చదివి, కరెంటు ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. తల్లి ఎదుట కాలు మీద కాలు వేసుకోడు, ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళడు, ఆదివారం గుడి మానడు. తనకు దేవుడు చేసినదానికి తాను ఏదో ఒకటి చేస్తూనే ఉండాలన్న ఆరాటం మనిషిలో ఉండేది. దివిసీమకు ఉప్పెన వచ్చినప్పుడు సంఘంలోంచి బియ్యం, బట్టలు పట్టుకుని వెళ్ళినవాళ్ళలో అందరికంటే ముందు లారీ ఎక్కినవాడు అతనే. మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. తిరిగొచ్చిన ప్రతిసారీ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి, చూసింది చూసినట్టు చెప్పేవాడు. అతను చెబుతుంటే గుడి అంతా ముక్కులు చీదుకునేది. జనవరిలో సంఘపెద్దల ఎన్నిక వస్తే, ముప్పై దాటని ప్రకాశరావు పేరు జనమే అడిగి మరీ రాయించారు.

ఈ ఏడు అయ్యగారు కుర్చీల లెక్క మార్చారు. "పోయినేడు మనల్ని మనమే కడుక్కున్నాం. ఈసారి ఉప్పెన నుంచి బయటపడి మన ఊరొచ్చినవాళ్ళు ఒకళ్ళిద్దరన్నా ఉండాలి" అన్నారు. వెంటనే ప్రకాశరావుకి అబ్బులు గుర్తొచ్చాడు.

అబ్బులుది సముద్రం పక్క ఊరు. ఉప్పెన రాత్రి భార్య మాణిక్యమ్మ, ఇద్దరు పిల్లలు పోయారు. తాను తుమ్మచెట్టు పట్టుకుని మిగిలాడు. బియ్యం పంచడానికి వెళ్ళినప్పుడు ప్రకాశరావుకి పరిచయమై, అతని వెంటే లారీలో గుడివాడ వచ్చేశాడు. గుడ్లవల్లేరు రోడ్డులో ఇటుకబట్టీలో పని ఇప్పించింది కూడా ప్రకాశరావే. వరస ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకున్నారు. ఇంత జరిగినా అబ్బులుకి వేళాకోళం పోలేదు. అది చూసి కొందరు వీడికి బాధే లేదనుకునేవారు.

సైకిల్ మీద బట్టీకి వెళ్ళేసరికి అబ్బులు మోకాళ్ళ దాకా బురదలో దిగి ఇటుక మట్టి తొక్కుతున్నాడు.

"ఏం బియ్యే బావా, తోవ తప్పావేంటి?"

"వచ్చే గురువారం సాయంత్రం గుళ్ళో పాదాల సేవ ఉంది బావా. నువ్వొచ్చి కూర్చోవాలి."

"కూర్చుని?"

"నేను నీ కాళ్ళు కడుగుతాను."

అబ్బులు తొక్కడం ఆపాడు. కిందికి తన కాళ్ళ వంక చూశాడు; బురదలో అవి కనబడనైనా కనబడలేదు. "నువ్వు? నా కాళ్ళు? ఎందుకూ, నేనేమన్నా పెళ్ళికొడుకునా?"

"ప్రభువు కడిగాడు కదా."

"ఆయన కడిగాడు, ఆయన సంగతి వేరు. నాకు సిగ్గేస్తది బావా."

"సిగ్గెందుకు? నువ్వేం చెయ్యక్కర్లేదు. ఉన్నవాడివి ఉన్నట్టు వచ్చి కూర్చో చాలు. మిగతాదంతా నాది."

అబ్బులు "ఉన్నవాడిని ఉన్నట్టా? సరే అయితే" అని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు. ప్రకాశరావు సైకిలెక్కి వెనక్కి వస్తుంటే, ఈసారి సాక్ష్యానికి మంచి మాట దొరికిందని మనసులో ఎక్కడో అనిపించింది. అలా అనిపించిందని అతనికి అప్పుడు తెలియలేదు.

గురువారం సాయంత్రం గుడి నిండిపోయింది. ప్రకాశరావు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. భార్య సరోజ బీరువాలోంచి పెళ్ళినాటి కొత్త తువ్వాలు తీసి ఇచ్చింది. ముందు రోజే చింతపండుతో తోమిన ఇత్తడి పళ్ళెం దీపం వెలుగులో మెరుస్తోంది. నీళ్ళ చప్పుడు వెనక కూర్చున్నవాళ్ళకు కూడా వినబడాలని అయ్యగారు మైకును కుర్చీల దగ్గరికి జరిపించి, మెడ కిందికి వంచి పెట్టించారు. మైకు తీగ గుడి కప్పు మీద లౌడుస్పీకరు దాకా పోయింది.

అబ్బులు కుర్చీ ఖాళీగా ఉంది. పాట ఆఖరి చరణంలో ఉండగా రొప్పుకుంటూ వచ్చాడు. వాకిట్లోంచి నేరుగా చాపల మధ్యగా నడిచి వచ్చి కుర్చీలో కూర్చుని, ప్రకాశరావు వంక చూసి చిన్నగా నవ్వాడు.

దైవసహాయంగారి కాళ్ళు కడగడం అయిపోయింది. ప్రకాశరావు పళ్ళెం జరుపుకుంటూ అబ్బులు ముందు మోకాళ్ళూని తల వంచాడు. అప్పుడు చూశాడు. మోకాళ్ళ దాకా ఎండిన బంకమట్టి. వేళ్ళ సందుల్లో ఇంకా తడిగా నల్లగా ఉంది. ఎడమ మడమకు ఏదో గుడ్డ చుట్టి ఉంది, అదీ మట్టి రంగే. ఒక వాసన. ఈ కాళ్ళు పళ్ళెంలో పెడితే నీళ్ళు బురదవుతాయి. మళ్ళీ నీళ్ళు మార్చాలి. తరువాతి కుర్చీలో ఉన్నది హైస్కూలు హెడ్మాస్టరుగారు. తెల్ల చొక్కా. కొత్త తువ్వాలు. ఇవన్నీ ఒక్కసారిగా తలలోకి వచ్చి, ఆలోచించేలోపే నోట్లోంచి మాట జారింది.

"ఏంటి బావా, కాళ్ళన్నా కడుక్కుని రావద్దూ!"

మెల్లగానే అన్నాడు, అబ్బులుకి మాత్రమే వినబడేట్టు. కానీ మైకు జానెడు దూరంలో ఉంది. ఆ మాట గుడి అంతా, గుడి బయట వీధి అంతా, కిళ్ళీ కొట్టు దాకా వినబడింది.

వెనక చాపల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆపైన ఆపడం ఎవరి వల్లా కాలేదు. కాళ్ళు కడిగే చోటికి కాళ్ళు కడుక్కుని రమ్మన్నాడట. పిల్లలు, ఆడవాళ్ళు, పౌడరు రాసుకున్న దైవసహాయంగారు, అందరూ నవ్వారు. వాళ్ళు నవ్వింది ప్రకాశరావును చూసి. అబ్బులుకి అది తెలియదు. తెలిసే దారీ లేదు.

అబ్బులు కూడా నవ్వాడు. "నిజమేగా మరి. ఉండు బావా, కడుక్కొస్తా" అని లేచాడు. ఎండిన మట్టి పెళ్ళలు చాపల మీద రాలుతుంటే, వాటిని ఏరడానికి ఒకసారి వంగి, మళ్ళీ ఎందుకో మానేసి బయటికి వెళ్ళిపోయాడు. బయట బోరింగు కొట్టిన చప్పుడు వినబడింది. కాసేపటికి ఆగింది.

అయ్యగారు ఇంకో పాట ఎత్తుకోమన్నారు. పాట అయిపోయింది. అబ్బులు రాలేదు.

ప్రకాశరావు హెడ్మాస్టరుగారి కాళ్ళు కడిగాడు. తువ్వాలుతో ఒత్తాడు. పళ్ళెంలో నీళ్ళు అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి.

ఇంటికొచ్చాక సరోజ అన్నం పెట్టింది. సువార్తమ్మ ఆ తువ్వాలును అటూ ఇటూ తిప్పి చూసి, మడత పెట్టి, కొడుకు ముందు పెట్టింది. "ఇది మాయనే లేదురా. బీరువాలో పెట్టుకో, వచ్చే ఏటికి కూడా పనికొస్తది" అంది.

అతను కంచం ముందు నుంచి లేచాడు.

"అత్తయ్యా, అన్నం దగ్గర ఎందుకు?" అంది సరోజ.

"నేనేమన్నాను? తువ్వాలు బాగుందన్నాను."

శుక్రవారం మధ్యాహ్నం సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలకూ ఏడుగురు మాట్లాడాలి. ఐదో మాట, ఆ దాహం మాట, ప్రకాశరావుది. మూడు వారాల నుంచి సిద్ధపడుతున్నాడు. పొద్దున్నే అయ్యగారింటికి వెళ్ళి అరుగు కింద నిలబడ్డాడు.

"ఇవాళ నేను మాట్లాడలేనండీ."

కృపావరం అయ్యగారు అప్పుడే ముఖం కడుక్కుని తుడుచుకుంటున్నారు. "మానెయ్యండి. ఆ పది నిమిషాలూ ఊరికే కూర్చుంటాం. జనానికి అదీ మంచిదే."

"అయ్యగారూ, నేను నిన్న…"

"నాకెందుకు చెబుతారు? నాకు చెబితే తేలికవుతుంది. అబ్బులుకి చెప్పారా?"

ప్రకాశరావు తల వంచుకున్నాడు.

"మైకు వంచింది నేను ప్రకాశరావుగారూ" అన్నారాయన కాసేపటికి. "నీళ్ళ చప్పుడు జనం వినాలనుకున్నాను. వాళ్ళకు వినబడింది మీ మాట. రాత్రంతా అదే గుర్తొస్తోంది నాకు. ఎవరూ చూడనిచోట కడగమని చెప్పాల్సింది పోయి, లౌడుస్పీకరు పెట్టించాను." ఆయన తువ్వాలు దండెం మీద వేశారు. "ఆదివారం ప్రభువు బల్ల ఉంది, రొట్టె విరుస్తాం. ఒక మనిషి మనసులో మన మీద ముల్లు ఉందని తెలిసి బల్ల దగ్గరికి ఎలా వస్తారో మీరే ఆలోచించుకోండి. మీకు చెబుతున్నానని కాదు, నాకూ అదే వర్తిస్తుంది. కానీ ముందు వెళ్ళాల్సింది మీరు."

ప్రకాశరావుకి చిన్నప్పటి నుంచి బల్ల తప్పిన ఈస్టరు లేదు. తప్పించుకుని అందరితోపాటు వరసలో నిలబడి రొట్టె తీసుకుంటే ఎవరూ అడగరు. కానీ అబ్బులు కుర్చీ ఖాళీగా కళ్ళ ముందు కనిపిస్తూ ఉంటే ఆ రొట్టె గొంతు దిగుతుందా? వెళ్ళాలి. వెళ్ళి అతని ముందు నిలబడాలి. ఆ ఒక్క పనికీ కాళ్ళు రావడం లేదు.

శనివారం మధ్యాహ్నం ఎలాగో సైకిల్ తీశాడు. సంచిలో ఆ తువ్వాలు, ఒక సబ్బుబిళ్ళ పెట్టుకున్నాడు. బట్టీలో అబ్బులు లేడు. బట్టీ మేస్త్రీ బాజి బీడీ కాలుస్తూ ఇటుకల మీద కూర్చుని ఉన్నాడు.

"అబ్బులా? నిన్న మధ్యాహ్నమే ఊరెళ్ళాడండీ. వాళ్ళ ఊరు. పండగంట."

"ఈస్టరుకా?"

"ఏమోనండీ, మీ పండగలు నాకేం తెలుసు? తెల్లారగట్ల సమాధుల దగ్గరికి వెళ్తారంటగా. వాడికి సమాధి ఎక్కడుందని? విరిగిన ఇటుకలు కావాలని అడిగి రెండు బస్తాలు కట్టుకుపోయాడు. బస్సు పైకి ఎక్కించడానికి నేను కూడా వెళ్ళాను." బాజి బీడీ నేలకేసి నలిపాడు. "అవునండీ, గురువారం మీ గుళ్ళో కాళ్ళు కడిగారంటగా. ఎట్టా జరిగింది? వాడేం చెప్పలేదు. వచ్చి ముసుగేసుకుని పడుకున్నాడు."

ప్రకాశరావు సంచి మూతి మడిచి పట్టుకున్నాడు. "జరిగింది."

"వారం రోజుల నుంచి ఒకటే సంబరం వాడికి. గంట ముందు వదలమన్నాడు. నేనే వదల్లేదు, బట్టీ నింపే రోజు, ఎట్టా వదుల్తా? ఆరింటికి వదిల్తే పరిగెత్తాడు. ఒరే, కాళ్ళు కడుక్కుని పోరా, అంత పెద్దోళ్ళ ముందు అన్నాను. ఏమన్నాడో తెలుసా?" బాజి నవ్వాడు. "'మా బావ ఉన్నవాడిని ఉన్నట్టు రమ్మన్నాడు మేస్త్రీ. కడుక్కుపోతే ఇంక ఆయనకి పనేముంటది?' అన్నాడు."

ప్రకాశరావు సైకిల్ హ్యాండిల్ పట్టుకున్న చేతుల వంక చూసుకున్నాడు. అతను పిలిచినట్టే అబ్బులు వచ్చాడు. ఆ గుడిలో ఆ సాయంత్రం చెప్పిన మాటను నమ్మి వచ్చిన మనిషి అతనొక్కడే. మిగతా అందరూ ఆ మాటకు అర్థం అది కాదని తెలిసి, ఇంట్లో కడుక్కుని వచ్చారు.

సైకిల్ బట్టీలోనే వదిలి, అటునుంచి అటే బస్సెక్కాడు. మోపిదేవి దగ్గర స్వామి గుడికొచ్చిన జనం ఎక్కి బస్సు కిటకిటలాడింది. అవనిగడ్డ చేరేసరికి పొద్దుగూకింది. బడి వరండాలో నడుం వాల్చి, వెలుగు రాకముందే లేచి సముద్రం వైపు నడిచాడు. ఈ దారిలో లారీ మీద వచ్చినప్పుడు జనం చేతులెత్తి పరిగెత్తుకొచ్చేవారు. ఇప్పుడు ఒక్కడూ పట్టించుకోలేదు. ఉప్పు పట్టిన చేలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. తలలు విరిగిన తాడిచెట్లు.

అబ్బులు వాళ్ళ ఊరి చివర దిబ్బ ఉంది. ఉప్పెన తరువాత దొరికినవాళ్ళను దొరికినట్టు అక్కడే పూడ్చారు. ఎవరు ఎవరో చూసే వీలు లేకపోయింది. ఏ మతమని చూసినవాడు లేడు. పది పదిహేనుమంది అప్పటికే వచ్చి కొవ్వొత్తులు వెలిగించుకుంటున్నారు. గాలికి నిలవక చేతులు అడ్డం పెడుతున్నారు. అబ్బులు ఒక్కడే ఓ పక్కన చొక్కా విప్పి, దిబ్బ చుట్టూ విరిగిన ఇటుకలు నిలబెట్టి, వాటికి సున్నం వేస్తున్నాడు. పక్కన డబ్బా, చేతిలో కొబ్బరిపీచు కుంచె.

ప్రకాశరావును చూసి కుంచె ఆపాడు. ఆశ్చర్యపోలేదు. "వచ్చావా" అన్నాడు, అంతే.

"బావా, గురువారం నేనన్న మాట…"

"ఊఁ."

"తప్పు."

"తప్పే." మళ్ళీ కుంచె ముంచాడు.

"ఉన్నవాడివి ఉన్నట్టు రమ్మంది నేనే. నువ్వు అలాగే వచ్చావు. బాజి చెప్పాడు. నాకు మొహం చూపించే…"

"సంచిలో ఏంటి?"

ప్రకాశరావు తడబడ్డాడు. "తువ్వాలు."

"సబ్బో?"

అబ్బులు నవ్వాడు, ఆ నవ్వులో వేళాకోళం లేదు. "సబ్బు కూడా తెచ్చావు! వద్దు బావా. నీ గుండె తేలికపడటానికి నా కాళ్ళు ఇవ్వలేను. ఇంకా నాకు మంటగానే ఉంది."

"జనం నవ్వింది నన్ను చూసి బావా, నిన్ను చూసి కాదు."

"ఎవరిని చూసి నవ్వితే ఏంటి? మట్టిలో పనిచేసేవాడికి మట్టి ఉందంటే నాకు కోపమా? అది కాదు." అబ్బులు ఇటుక సరిచేశాడు. కాసేపు దాని మీదే చెయ్యి ఉంచాడు. "అంతకు ముందొకటి ఉంది. ప్రతి ఆదివారం మైకు దగ్గర నిలబడి నా సంగతి చెప్పేవాడివి. సర్వం పోగొట్టుకున్న సహోదరుడు అనేవాడివి. నేను వెనక చాప మీదే ఉండేవాడిని. మాణిక్యమ్మ ఎట్టా దొరికిందో, ఒంటి మీద ఏముందో ఏం లేదో అది కూడా చెప్పావు. అది నేను లారీలో నీ ఒక్కడికే చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే చచ్చిపోతానని చెప్పాను."

ప్రకాశరావుకి గుర్తుంది. ఆ ఆదివారం అతను చెబుతుంటే గుడి మొత్తం ఏడ్చింది. తానూ ఏడ్చాడు. ఇంటికెళ్ళాక సరోజ కూడా, చాలా బాగా చెప్పారండీ అంది. అబ్బులు అప్పుడు వెనక ఎక్కడున్నాడో, ఎవరి వంక చూస్తున్నాడో ఒక్కసారి కూడా అతనికి తోచలేదు. పెద్దల ఎన్నికలో జనం తన పేరు చెప్పింది ఆ ఏడుపును చూసే. గురువారం అన్న మాటకు సిగ్గుపడుతూ ఇంత దూరం వచ్చాడు; అసలు సిగ్గుపడాల్సింది ఎన్నో ఆదివారాల నుంచి ఇక్కడ ఉంది.

క్షమించమని అడగడానికి నోరు తెరిచాడు. ఆ మాట కూడా చక్కగా రాబోతోందని గమనించి మూసుకున్నాడు.

అబ్బులు రెండో కుంచె అతని ముందు పడేశాడు. "ఆ పక్క వెయ్యి. అందరితోపాటే కలిపి పూడ్చారు, మావాళ్ళు ఏ పక్కన ఉన్నారో తెలియదు. అందుకే చుట్టూ వేస్తన్నా."

ప్రకాశరావు చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, దిగాడు. ఇద్దరూ చెరోవైపు నుంచి సున్నం వేసుకుంటూ వచ్చారు. సూర్యుడు పైకొచ్చాడు. గుడివాడలో ఈపాటికి గంట కొడుతుంటారు. బల్ల పరుస్తుంటారు. అతను ఆ సంగతి తలచుకున్నాడు గానీ కుంచె ఆపలేదు.

దాదాపు కలిసే చోట అబ్బులు "అమ్మో" అని కూలబడ్డాడు. సున్నం డబ్బా ఒరిగి ఎడమకాలి మీద పడింది. మడమకు చుట్టిన గుడ్డలోకి సున్నం ఇంకిపోయింది. పళ్ళు బిగబట్టి కాలు పట్టుకున్నాడు.

ప్రకాశరావు గుడ్డ విప్పాడు. మడమ పక్కన ఉప్పెనప్పుడు రేకు కోసిన పెద్ద గాయం, నాలుగు నెలలైనా ఇంకా మానలేదు. అంచులు నల్లబడి ఉన్నాయి. గురువారం ఇది అతని ముక్కుకు తగిలింది. కంటికి మాత్రం మట్టిలాగే కనబడింది.

"నీళ్ళు! ఎవరన్నా నీళ్ళు!"

దిబ్బ అవతల పాక ముందు కూర్చున్న ముసలామె బిందె పట్టుకుని వచ్చింది. ఆమె పేరు జైతూన్ బీ. ఆమె కొడుకూ కోడలూ కూడా ఆ దిబ్బలోనే ఉన్నారు.

"తాగే నీళ్ళు కాళ్ళకా బీబీ! ఉప్పు నీళ్ళు చాలు" అన్నాడు అబ్బులు.

"చాల్లే ఊరుకో. సున్నం పుండుని తినేస్తాది. నువ్వు పొయ్యవయ్యా" అంది ఆమె ప్రకాశరావుతో. "ఎవరబ్బులూ ఈయన?"

"మా బావ. గుడివాడ. బియ్యే."

ప్రకాశరావు బురదలో చతికిలబడి ఆ కాలు తన ఒళ్ళోకి తీసుకున్నాడు. మోకాళ్ళూని తల వంచే భంగిమ ఏదీ గుర్తు రాలేదు. నీళ్ళు కొంచెం కొంచెం వంచుతూ, వేలితో సున్నం తీస్తూ, వేళ్ళ సందులు కడుగుతూ, చాలాసేపు చేశాడు. చొక్కా, ప్యాంటు మట్టి, సున్నం అయ్యాయి.

"మెల్లగా బావా! అంత చదివావు, కాలు కడగటం చేతకాదా!"

"ఇప్పుడే నేర్చుకుంటున్నాను బావా."

"నా కాలి మీదేనా?"

జైతూన్ బీ నవ్వింది. తువ్వాలు చించి కట్టు కట్టాడు. సబ్బు సంచిలోనే ఉండిపోయింది.

లేచి నిలబడి, కాలు నేల మీద మోపి చూసుకుని, అబ్బులు అన్నాడు: "ఒక మాట. ఇది గుళ్ళో చెప్పకు."

"చెప్పను."

"సున్నం వేశాననీ, కాలు కడిగాననీ, ముసలమ్మ నీళ్ళిచ్చిందనీ. నువ్వు చెబితే జనం ఏడుస్తారు. అప్పుడిది కూడా సాక్ష్యం అయిపోద్ది."

"చెప్పను బావా."

"నీ మీద మంట పోయిందనలేదు నేను."

"అనలేదు."

"గుర్తుంచుకో."

ప్రకాశరావు ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి సువార్తమ్మ వాకిట్లో ఉంది. కొడుకు కాళ్ళకు ఎండిన మట్టి, మోకాళ్ళ మీద సున్నం చూసింది. "తువ్వాలేదిరా?" అంది. "లేదమ్మా" అన్నాడు. ఆమె ఇంకేమీ అడగకుండా చెంబుతో నీళ్ళు తెచ్చి అక్కడ పెట్టి లోపలికి వెళ్ళింది.

పై ఆదివారం గుడికి వెళ్తుంటే కిళ్ళీ కొట్టు దగ్గర ఎవరో, "కాళ్ళు కడుక్కున్నారా అండీ పెద్దగారూ?" అన్నారు. అప్పటికే ఆ మాట ఊళ్ళో తిరుగుతోంది. బల్ల రోజు రాలేదని, మొహం చెల్లక ఎక్కడికో పోయాడని అనుకుంటున్నారు. ప్రకాశరావుకి చెవులు వేడెక్కాయి. అబ్బులు దగ్గరికే వెళ్ళానని ఒక్క మాట అంటే ఈ నవ్వులన్నీ ఆగిపోతాయి. అనలేదు. అనకూడని మాట నోట్లో ఎంత పెద్దగా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

సాక్ష్యాల సమయం వచ్చింది. "ఎవరన్నా?" అన్నారు అయ్యగారు, ప్రకాశరావు వంక ఒకసారి చూసి. అలవాటు కొద్దీ జనం కూడా అతని వంకే చూశారు. ప్రకాశరావు చాప అంచు పీచు తుంచుతూ కూర్చున్నాడు. దైవసహాయంగారు లేచి తన మోకాళ్ళ నొప్పులు తగ్గిన సంగతి చెప్పారు.

అప్పుడు వాకిట్లో ఎవరో ఆగిన అలికిడయింది. అబ్బులు. తెల్లటి కట్టు మట్టి రంగులోకి మారింది. రెండు కాళ్ళకూ మోకాళ్ళ దాకా బంకమట్టి. గడప బయట నిలబడి, లోపలంతా కలయజూసి, ప్రకాశరావు మీద కళ్ళు ఆపి, గుడి మొత్తం వినబడేట్టు అడిగాడు.

"ఏం బావా, కడుక్కుని రానా? ఇట్టా రానా?"

గుడి మళ్ళీ నవ్వింది. ఈసారి అది ఎవరి మీదో అబ్బులుకి తెలుసు. ప్రకాశరావుకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తల ఎత్తకుండానే, పక్కకు జరిగి, తన చాప మీద చోటు చేశాడు.